చింతగింజల లెక్క

మా అక్క కొడుకుని తిరుపతి కొర్లగుంటలో వాళ్ల వీధి క్రికెట్ టీమ్ నుంచి తీసేశారు. వాడు చేసిన నేరం త్రో వేయడం. చెయ్యి నిటారుగా తిప్పి బౌలింగ్ చేయడం వాడికి ఎంత చెప్పినా రాలేదు. మోచెయ్యి వంచి విసిరేవాడు. అదీ కీపర్ భయపడి పక్కకి తప్పుకునేంత వేగంతో. అప్పుడు వాడు ఏడో తరగతి. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు స్కూల్లో పీఈటీ సార్ వాడి చేతిలో తెల్లటి తోలు బంతి ఒకటి పెట్టి, "ఈ ఆటలో త్రోనే వెయ్యాల రా. బౌలింగ్ చేస్తే నవ్వుతారు" అన్నాడట. అట్లా మా ఇంట్లోకి బేస్‌బాల్ వచ్చింది.

తిరుపతిలో బేస్‌బాల్ ఏమిటని నవ్వేవాళ్లు చాలామందే ఉన్నారు. నవ్వనివ్వండి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆడించే ఆటల్లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండూ ఉన్నాయి. సెలక్షన్లు, సర్టిఫికెట్లు, ట్రాక్‌సూట్లు అన్నీ ఉంటాయి. లేనివల్లా బంతులు, గ్లవ్‌లు, చూసే జనం. మా అమ్మకైతే ఇప్పటికీ అర్థం కాలేదు. "ఏమాడతాడంట వీడు?" అంటే "పిచ్చర్ అమ్మా" అన్నాను. "పిక్చర్‌లోనా? హీరో ఎవరు?" అంది. పిచ్చర్ అంటే బంతి విసిరేవాడని మూడుసార్లు విడమరిచి చెప్పాక, "ఏదో ఒకటిలే, పిచ్చోడు" అని తేల్చేసింది.

నాకు మాత్రం ఆ బంతి చేతిలోకి తీసుకున్న రోజే నచ్చింది. క్రికెట్ బంతి 156 గ్రాములకు కాస్త అటూఇటూగా మొదలవుతుంది, ఇది 142 నుంచి 149 మధ్యలో ఉంటుంది. పిచ్చర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ ముందుండే ప్లేటుకి దూరం 18.44 మీటర్లు. మన 22 గజాల పిచ్ కంటే మీటరున్నరకు పైగా తక్కువ. ఎర్రదారంతో వేసిన జంట కుట్లు లెక్కపెడితే సరిగ్గా 108. అష్టోత్తరం! ఈ ఊళ్లో పుట్టినవాడికి ఆ అంకె వింటే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. అందులో దైవరహస్యం ఏమీ లేదు, రెండు తోలు ముక్కల్ని కలిపి కుట్టడానికి అన్ని పడతాయి, అంతే. క్రికెట్‌లో బంతి వేసేటప్పుడు మోచెయ్యి 15 డిగ్రీలకు మించి నిటారు కాకూడదని నియమం. ఇక్కడ ఆ గొడవే లేదు. మావాడి పాపం పుణ్యమైపోయింది.

మావాడి దేవుడు షోహే ఓతానీ, జపాన్ నుంచి అమెరికా పోయి బేస్‌బాల్ ఆడే ఆటగాడు. ఫోన్ తెరిస్తే ఓతానీ, నోటుపుస్తకం అట్ట మీద ఓతానీ. బంతి విసరడంలోనూ బ్యాటు పట్టడంలోనూ ఒకే మనిషి ఆ స్థాయిలో ఉండటం ఈ కాలంలో ఎవరూ చూడనిది. అక్కడి పెద్ద పోటీల్లో ఉన్న రెండు లీగుల్లో, అమెరికన్ లీగులో 2021లో, 2023లో, జట్టు మారాక నేషనల్ లీగులో 2024లో అత్యంత విలువైన ఆటగాడు ఆయనే. ఆ 2024లోనే 54 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టి, 59 బేసులు దొంగిలించాడు, అంటే పరుగు పూర్తి కావడానికి దాటాల్సిన మజిలీల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి, ఎవరూ బంతి కొట్టకుండానే ఉరికి చేరాడు. (దొంగతనాన్ని గర్వంగా లెక్కరాసుకునే ఆట నాకు తెలిసి ఇదొక్కటే.) ఈ అంకెలన్నీ నాకు మావాడు చెప్పినవే. ఎక్కాలు అడిగితే తడబడతాడు, ఇవి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఓతానీ ఫోన్‌లో ఉండే దేవుడు. నేల మీద ఉండే దేవుడు ఇంకొకాయన ఉన్నాడు. ఆయన పేరు రాయను, అన్న అంటాను. ఊళ్లో ఆ ఆట తెలిసిన నలుగురూ ఆయన్ని అన్న అనే అంటారు.

2001 మార్చిలో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచినప్పుడు నేను పదో తరగతి పరీక్షల్లో ఉన్నాను. ఆ వేసవిలో ఊళ్లో పిల్లలందరి చేతుల్లోనూ షటిల్ బ్యాట్లే. నేను మాత్రం రోజూ సాయంత్రం యూనివర్సిటీ గ్రౌండుకి పోయేవాణ్ణి, అన్న బంతి వేస్తుంటే చూడ్డానికి. పొడుగ్గా, సన్నగా, ఎడమకాలు ఛాతీ దాకా లేపి, ఒక్క క్షణం అట్లా ఆగేవాడు. ఆ తర్వాత బంతి కనిపించేది కాదు, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ గ్లవ్‌లో పడ్డ చప్పుడు మాత్రమే వినిపించేది. వేగం కొలిచే యంత్రాలు మాకెక్కడివి? ఆ చప్పుడే కొలత. ఒకసారి ఆయన నీళ్ల కోసం చూస్తుంటే నా బాటిల్ ఇచ్చాను. తాగి, "థ్యాంక్స్ తమ్ముడూ" అన్నాడు. ఆ మాట మీద నేను చాలా ఏళ్లు బతికాను. ఆ బాటిల్‌తో నీళ్లు తాగడం మానేసి షెల్ఫ్‌లో పెట్టుకున్నానని చెబితే మీరు నవ్వుతారు కాబట్టి చెప్పను.

ఇప్పుడు అన్న తిరుమలకి టాక్సీ నడుపుతాడు. ఎప్పుడు చూసినా కుడిమోచెయ్యి వంచుకుని స్టీరింగ్ మీద పెట్టుకుని ఉంటాడు, చూసేవాళ్లకి స్టైల్‌గా కూర్చున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ చెయ్యి అంతకంటే చాపుకోదు. అలిపిరి టోల్‌గేటు దగ్గర చేత్తో డబ్బులు ఇచ్చే రోజుల్లో, అద్దంలోంచి చెయ్యి అందక తలుపు కొంచెం తెరిచేవాడు.

ఆ చెయ్యి ఎట్లా పోయిందో నాకు తెలుసు, ఎందుకంటే నేను అక్కడే ఉన్నాను. ఒక టోర్నమెంటులో మూడు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు. నాలుగింటిలోనూ అన్నే వేశాడు, మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా. ఎక్కడ, ఎవరు వేయించారు అన్నది ఇప్పుడు అనవసరం. రెండో రోజు సాయంత్రానికే ఆయన బంతి వేశాక చెయ్యి దులుపుకుంటున్నాడు. ఎవరూ ఆపలేదు. వేయించినవాళ్లని తిట్టడం తేలిక. మేం ఏం చేశాం? గట్టు మీద కూర్చుని, "అన్నా, ఇంకొకటి! అన్నా, ఇంకా గట్టిగా!" అని గొంతులు పోయేలా అరిచాం. ఆయన బంతులు ఎన్ని వేశాడో మాలో ఒక్కడు కూడా లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలని తోచనే లేదు. దేవుడి చెయ్యికి నొప్పి ఉంటుందని భక్తుడికి ఎట్లా తెలుస్తుంది?

ఈ వ్యాసం రాయాలనిపించింది దీని గురించే. ఆటగాణ్ణి ఆరాధించడం పిల్లలకి మంచిదని, అది వాళ్లని ముందుకు నడిపిస్తుందని అందరూ అంటారు. స్కూళ్లలో ప్రసంగాలన్నీ అవే. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. ఆరాధన పిల్లవాణ్ణి గ్రౌండు గేటు దాకా తీసుకొస్తుంది, నిజమే. గేటు లోపల మాత్రం అది అడ్డం పడుతుంది. ఆరాధించే మనిషే గురువుగా దొరకడం అదృష్టమంటారు గానీ, ఆ అదృష్టం పనికి రావాలంటే ముందు ఆ ఆరాధన కాస్త చావాలి.

తిరుపతి వాళ్లకి దర్శనం సంగతి వేరే ఊరివాళ్లు చెప్పక్కర్లేదు. కంపార్ట్‌మెంట్లలో గంటలు గంటలు కూర్చుంటాం, క్యూలో తోసుకుంటాం, చివరికి బంగారు వాకిలి దగ్గర రెండు క్షణాలు. కళ్లు పెద్దవి చేసుకుని చూసేలోపే "జరగండి, జరగండి". దేవుడి దగ్గర ఆ రెండు క్షణాలు చాలు. నాకు ఆ విషయంలో ఏ ఫిర్యాదూ లేదు. మనుషుల దగ్గర కూడా అదే పద్ధతి పెట్టుకున్నామే, అదీ నా గొడవ. కొన్నేళ్ల కిందట ఒక చోట ఆటల శిబిరం ప్రారంభానికి పేరున్న క్రీడాకారుణ్ణి పిలిచారు. మావాడి స్కూల్ పిల్లల్ని ఉదయం ఎనిమిదింటికే ఎండలో వరసగా నిలబెట్టారు. ఆయన వచ్చేసరికి పదకొండు దాటింది. రిబ్బన్, శాలువా, "కష్టపడండి, కలలు కనండి", సెల్ఫీలు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆయన తప్పేం లేదు, వచ్చిన పని అదే. గేటు నుంచి స్టేజీ దాకా కట్టిన ఫ్లెక్సీలు చూస్తే మాత్రం కడుపు మండింది. ఆ డబ్బులో కొంత పెట్టినా పిల్లలకి ఏడాది పాటు బంతులు వచ్చేవి. ఆ ఏడాదంతా మావాడి టీమ్ మొత్తానికి పనికొచ్చే బంతులు మూడే. నాలుగోదానికి కుట్లు ఊడిపోతే వాళ్ల క్యాచర్ తండ్రి, చెప్పులు కుట్టే ఆయన, చెప్పుల దారంతో కుట్టిచ్చాడు.

2023 మార్చిలో మావాడు నాకొక వీడియో చూపించాడు. మయామిలో ప్రపంచ పోటీల ఫైనల్, జపాన్‌కీ అమెరికాకీ. మ్యాచ్‌కి ముందు గదిలో జపాన్ కుర్రాళ్ల మధ్య ఓతానీ నిలబడి రెండు ముక్కలు మాట్లాడాడు. ఎదుటి జట్టులో గోల్డ్‌ష్మిట్ ఉన్నాడు, ట్రౌట్ ఉన్నాడు, బెట్స్ ఉన్నాడు, బేస్‌బాల్ ఆడేవాడికి ఎవడికైనా తెలిసిన పేర్లే. కానీ వాళ్లని ఆరాధిస్తూ కూర్చుంటే వాళ్లని దాటలేం, మనం వచ్చింది దాటడానికి, ఈ ఒక్కరోజుకి ఆ ఆరాధన పక్కన పెట్టేద్దాం అని ఆయన మాటల సారాంశం. జపాన్ 3-2తో గెలిచింది. చివరి బంతి వేసింది ఓతానీయే, తిప్పి గాలిని కొట్టింది ట్రౌట్. అప్పటికి ఇద్దరూ అమెరికాలో ఒకే క్లబ్బుకి ఆడుతున్నారు.

మావాడికి ఆ వీడియో కంఠస్థం. అది చూసి ఓతానీ మీద వాడి భక్తి ఇంకా పెరిగింది! ఆరాధన మానండి అన్నవాణ్ణి అందుకే ఆరాధించడం. నేను నవ్వితే వాడికి కోపం వచ్చింది. ఏ మహానుభావుడు చెప్పిన మాటకైనా మన దగ్గర జరిగేది అదే కదా అని నాలో నేను అనుకుని ఊరుకున్నాను.

ఆ ఏడాది వేసవిలోనే మావాణ్ణి అన్న దగ్గరికి తీసుకుపోయాను. నిజం చెప్పాలంటే నాకోసం పోయాను. ఇరవై రెండేళ్ల తర్వాత ఆయన పక్కన నిలబడాలని. టాక్సీ స్టాండులో టీ తాగుతూ ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు, గుర్తుపట్టడానికి ఏముంది? మావాడు ఆయన కాళ్లకి దండం పెట్టబోతే వెనక్కి జరిగి, "ముందు నీ మోచెయ్యి చూపించు" అన్నాడు. అక్కడే, టీ కొట్టు ముందే, వాడి చెయ్యి పట్టుకుని లోపలివైపు ఎముక దగ్గర నొక్కి, "ఇక్కడ నొప్పి ఉందా? రాత్రి పూట? అన్నం కలుపుకునేటప్పుడు?" అని అడిగాడు. వాడు లేదన్నాడు. "అబద్ధం చెబితే రావద్దు. రేపు ఐదున్నరకి గ్రౌండుకి రా. బంతి తేవద్దు" అన్నాడు.

బంతి తేవద్దు! మావాడు ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. వాడు ఊహించుకున్నది వేరు. కాలు ఛాతీ దాకా లేపే ఆ పద్ధతి, ఆ చప్పుడు, నేను వాడికి ఇన్నాళ్లూ కథలుగా చెప్పినవన్నీ నేర్పిస్తాడని. మొదటి నెలంతా అన్న వాడి చేతికిచ్చింది తువ్వాలు. తువ్వాలు కొస పట్టుకుని, అడుగు ముందుకేసి, ఎదురుగా చాపిన గ్లవ్‌ని ఆ రెండో కొసతో కొట్టాలి. అంతే. వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఒకాయన "దోమల్ని తోలుతున్నాడా?" అని నన్నే అడిగాడు. అమెరికాలో టామ్ హౌస్ అనే కోచ్ బాగా ప్రచారంలోకి తెచ్చిన కసరత్తు అది. భుజం మీద బరువు పడకుండా ఒంటి కదలిక నేర్పుతుంది.

ఈ టామ్ హౌస్ గురించి కొంచెం చెప్పాలి. ఈయనా పిచ్చరే, కానీ గొప్ప పిచ్చరేం కాదు. 1974 ఏప్రిల్ 8న హ్యాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ పేరున ఉన్న హోమ్ రన్ల రికార్డు దాటినప్పుడు, ఆ బంతి వచ్చి పడింది కంచె అవతల నిలబడి ఉన్న హౌస్ చేతుల్లో. ఆటగాడిగా ఆయన్ని జనం గుర్తుపెట్టుకుంది వేరేవాడు కొట్టిన బంతిని పట్టుకున్నందుకు. అదే మనిషి 2008లో మన దేశం నుంచి వెళ్లిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లకి పిచ్చింగ్ నేర్పాడు. ఈటె విసిరే పిల్లలు వాళ్లు, బేస్‌బాల్ మొహం చూడలేదు. ఏడాది తిరక్కుండానే పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు వాళ్లిద్దరితో ఒప్పందం చేసుకుంది. పెద్ద లీగుకి వాళ్లు చేరలేదు, రింకూ తర్వాత కుస్తీ షోల వైపు పోయాడు. అయినా తక్కువ పనా అది? ఇందులో నాకు నచ్చే సంగతి, ఆ పిల్లలకి ఆరాధించడానికి ఎవరూ లేకపోవడం. టామ్ హౌస్ ఎవరో వాళ్లకి తెలియదు. ఆయన చెప్పింది చేశారు, అంతే.

రెండో నెలలో బంతి వచ్చింది. దానితోపాటు చింతగింజలు కూడా. అన్న ఎడమ జేబులో అరవై చింతగింజలు వేసుకుని, క్యాచర్ చోట గొంతుక్కూర్చునేవాడు. మావాడు ఒక బంతి వేస్తే ఒక గింజ కుడి జేబులోకి. ఎడమ జేబు ఖాళీ అయితే లేచి నిలబడేవాడు. "ఇంకొక్కటన్నా" అంటే వినేవాడు కాదు. మర్నాడు, ఆ మర్నాడు బంతి ముట్టుకోకూడదు. పరుగు, కడుపు కసరత్తులు, మళ్లీ తువ్వాలు. అమెరికాలో 2014లో పిల్లల పిచ్చర్ల కోసం వయసువారీగా పెట్టిన లెక్కలున్నాయి. పదిహేనేళ్ల వాడికి రోజుకి గరిష్ఠంగా 95 బంతులు. 46 నుంచి 60 వేస్తే రెండు రోజులు విశ్రాంతి, 75 దాటితే నాలుగు రోజులు. మావాడు అదంతా వెతికి పట్టుకొచ్చి అన్న ముందు పెట్టాడు, తొంభై ఐదు వేయవచ్చని. అన్న చదివి, "వాళ్ల తిండికి తొంభై ఐదు. మన తిండికి, మన ఎండకి అరవై" అని కాగితం తిరిగి ఇచ్చేశాడు.

ఆ రోజు మావాడు నాతో అన్న మాట నాకు గుర్తుంది. "మామా, అన్న భయస్థుడు. నువ్వు చెప్పినట్టు లేడు."

నాకూ కష్టంగానే అనిపించింది. నా పదిహేనో ఏటి దేవుణ్ణి నా మేనల్లుడు భయస్థుడు అంటున్నాడు. నేను ఏదో సర్ది చెప్పబోయి ఆగాను, ఎందుకంటే వాడన్నది నిజమే. అన్నకి భయం. ఆ భయం తప్ప ఆయన దగ్గర వాడికి పనికొచ్చేది ఇంకేముంది? వేగం వాడికి పుట్టుకతోనే వచ్చింది.

చరిత్రలో అత్యుత్తమ ఎడమచేతి పిచ్చర్లలో ఒకడు శాండీ కోఫాక్స్. ఆయన మొదటి ఆరేళ్ల లెక్క చూస్తే ఎవరూ నమ్మరు: 1955 నుంచి 1960 దాకా 36 గెలుపులు, 40 ఓటములు. వేగం ఉంది, అదుపు లేదు. 1961లో సీజన్‌కి ముందు ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో గురి తప్పిన బంతులు వేసి వరసగా బ్యాటర్లని ఊరికే బేసుల మీదికి పంపిస్తుంటే, నార్మ్ షెర్రీ అనే క్యాచర్ దగ్గరికి వచ్చి, అంత గట్టిగా వేయకు, కాస్త తగ్గించు అన్నాడు. షెర్రీ జట్టులో రిజర్వు క్యాచర్. ఆ ఏడాది కోఫాక్స్ 18 మ్యాచ్‌లు గెలిచాడు, 269 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని సరిగ్గా కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు. తర్వాత ఐదేళ్లు ఆయన్ని ఆపినవాడు లేడు. 1966లో 27 గెలిచి, అదే ఏడాది ముప్పై ఏళ్లకే ఆట మానేశాడు. మోచెయ్యి కీలు అరిగిపోయింది. కాస్త తగ్గించమని చెప్పడానికి ఒక షెర్రీ దొరికాడు గానీ, బంతుల లెక్క చూసి ఇక చాలు అని ఆపినవాడు దొరకలేదు. మోచేతి ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ తెగితే ఒంట్లో ఇంకోచోటి టెండన్ తెచ్చి కట్టే ఆపరేషన్ మొదటిసారి జరిగింది 1974లో, టామీ జాన్ అనే పిచ్చర్‌కి. ఆ ఆపరేషన్‌కి ఇప్పటికీ రోగి పేరే. ఓతానీ మోచెయ్యిని కూడా 2018లో ఒకసారి, 2023లో మరోసారి కోశారు. మావాడి నోటుపుస్తకం అట్ట మీది బొమ్మలో ఆ కుట్లు కనిపించవు.

ఇక్కడ నన్ను ఎదిరించేవాళ్లు గోపీచంద్ పేరు ఎత్తుతారు. ఎత్తాలి కూడా. 1980లో ప్రకాశ్ పదుకోన్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. గోపీచంద్ ఆయన అకాడమీలో నేర్చుకుని 2001లో గెలిచాడు. ఆ గోపీచంద్ దగ్గర సైనా, సింధు తయారయ్యారు. విగ్రహమే గురువైన కథ ఇంతకంటే గొప్పది ఎక్కడుంది? ఒప్పుకుంటాను. కానీ ఆయన గురువుగా ఏం చేశాడో చూడండి. రియోకి ముందు సింధు దగ్గర ఫోన్ లాక్కున్నాడు, ఐస్‌క్రీమ్ మాన్పించాడు. తెల్లవారుజామునే కోర్టులో ఉండాలన్నాడు, తనూ ఉన్నాడు. తను గెలిచిన కప్పు గురించి రోజూ చెప్పుకుంటూ కూర్చున్న మనిషి చేసే పనులు కావివి. ఛాంపియన్ వేషం తీసేసి, మేస్త్రీ పని మొదలుపెట్టాడు. సైనాని చిన్నపిల్లగా మొదట పట్టుకుని రాకెట్ ఇప్పించిన నానీ ప్రసాద్ ఎవరో, సిడ్నీలో పతకం తెచ్చిన కరణం మల్లేశ్వరికి ఆముదాలవలసలో బరువు ఎత్తడం నేర్పిన నీలంశెట్టి అప్పన్న ఎవరో అడిగితే మనలో ఎంతమంది చెబుతారు? వాళ్లెవరూ విగ్రహాలు కారు.

మావాడు ఇంకో వాదం తెచ్చాడు. తెలివైనవాడు, ఒప్పుకోవాలి. "ఏకలవ్యుడికి విగ్రహమే చాలింది కదా మామా? మనిషి ఎదురుపడ్డాకే కదా వేలు పోయింది?" దీనికి నేను రెండు రోజులు జవాబు చెప్పలేకపోయాను. మట్టిబొమ్మ ముందు పెట్టుకుని నేర్చుకున్నంతకాలం వాడు అర్జునుడికి తీసిపోలేదు. నిజంగా గురువు కనిపించిన రోజే సర్వనాశనం. మూడో రోజు నాకు తట్టింది చెప్పాను: "ఆ ద్రోణుడు చెప్పిన మాట ఏకలవ్యుడు ఎదురుచెప్పకుండా విన్నాడు, ఎందుకంటే ఆయన ఇంకా వాడికి బొమ్మే. అదే రోజూ పక్కన కూర్చుని తిట్టే మనిషైతే, 'ఎందుకు సార్, నా వేలు మీకెందుకు' అని అడిగేవాడు." వాడు ఒప్పుకోలేదు. నాకూ పూర్తిగా నమ్మకం లేదు. అయినా ఆ తర్వాత వాడు అన్నతో ఎదురు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎందుకు తగ్గించాలి, కాలు ఎందుకు అంత ఎత్తకూడదు, నువ్వు ఎత్తేవాడివి కదా అని. అన్న విసుక్కునేవాడు, కానీ చెప్పేవాడు. ఒకరోజు ఏమీ దాచకుండా ఆ నాలుగు మ్యాచ్‌ల సంగతి మొత్తం చెప్పాడట. అరిచినవాళ్లలో నేనూ ఉన్నానని వాడు ఆయనకి చెప్పలేదు. నాకు మాత్రం వచ్చి చెప్పాడు, నా మొహం చూస్తూ.

మా ఊరి గంగమ్మ జాతరలో ఒక పద్ధతి ఉంది, దాని గురించి నేను తరచూ ఆలోచిస్తుంటాను. దొర వేషం, మాతంగి వేషం కట్టినప్పుడు జనం వాకిళ్లలో నిలబడి దండం పెడతారు, హారతి ఇస్తారు. వారం గడిచాక అదే మనిషితో కొట్టు దగ్గర బేరమాడతారు, టీ తాగుతారు. దండం పెట్టింది అబద్ధం కాదు, బేరమాడటం తప్పూ కాదు. ఎప్పుడు మొక్కాలో, ఎప్పుడు మొక్కడం ఆపి మామూలుగా మాట్లాడాలో ఈ ఊరికి ఎప్పటి నుంచో తెలుసు. ఆటగాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేషం ఎప్పటికీ తీయనివ్వం.

పోయిన ఏడాది చిత్తూరులో సెలక్షన్ మ్యాచ్. అన్న ఆ రోజు తిరుమల ట్రిప్పులు మానుకుని మాతో వచ్చాడు. మావాడు బాగా వేశాడు. క్యాచర్ గ్లవ్‌లో ఆ చప్పుడు వినగానే నా ఒళ్లు జలదరించింది. ఇరవై మూడేళ్ల తర్వాత అదే చప్పుడు. ఐదో ఇన్నింగ్స్‌లో, ఒక్క పరుగు ఆధిక్యంలో ఉండగా, అన్న లేచి వాడికి చెయ్యి ఊపాడు. అరవై అయింది. మా పక్క కూర్చున్న తల్లిదండ్రులు గోల చేశారు. "ఇంకో రెండు ఓవర్లు వేయించండి సార్" అని ఒకాయన. (ఓవర్లు! ఆట కూడా తెలియదు.) పీఈటీ సార్ అన్న వైపు చూశాడు, అన్న కదల్లేదు. మావాణ్ణి దించేశారు. తర్వాత వచ్చిన పిల్లోడు రెండు పరుగులు ఇచ్చాడు. ఓడిపోయాం. మావాడికి సెలక్షన్ రాలేదు.

నేను అరవలేదు. అంతవరకూ నా గొప్ప. లోపల మాత్రం అరిచాను, ఇంకొక్క ఐదు బంతులు వేయించి ఉంటే ఏమయ్యేదని. ఇంత వ్యాసం రాస్తున్న నేను కూడా.

తిరుగు బస్సులో పూతలపట్టు దాటేదాకా మావాడు మాట్లాడలేదు. అన్న కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాడు, నిద్రపోతున్నాడో లేదో తెలియదు. చంద్రగిరి కోట కనిపిస్తుండగా మావాడు లేచి పోయి ఆయన పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో బస్సు చప్పుడులో నాకు వినపడలేదు. దిగేటప్పుడు వాడు ఆయన బ్యాగు కూడా మోయలేదు, తన బ్యాగు మాత్రం తీసుకుని దిగాడు.

మొన్న అక్క ఫోన్ చేసి కోప్పడింది. వాషింగ్ మెషీన్‌లో చింతగింజలు పడి ఏదో ఇరుక్కుందట, మెకానిక్ మూడొందలు తీసుకున్నాడట. "అన్న లెక్క అన్న జేబులో పెట్టుకోకుండా వీడి జేబులో ఎందుకు పెట్టాడు?" అంది. నేను వాడిని అడిగాను.

"అవి అన్నవి కాదు మామా. ఆరో తరగతి పిల్లోడు ఒకడు కొత్తగా వస్తున్నాడు. వాడివి ఇరవై. ఎంత చెప్పినా ఆగడు, ఎదవ."